కలిపే చెయ్యి, చెప్పే నోరు

"నేరం ఒప్పుకున్నవాణ్ణి ఇంకా ఏమడుగుతారు రావుగారూ? మంచు దిగేలోపల నేను ఘాటు దాటాలి. మీ వేడుకేదో త్వరగా కానివ్వండి."

ఇన్‌స్పెక్టర్ మొదలియార్ మద్రాసు మనిషి. తెలుగు పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాడు కాబట్టి తప్పు లేకుండా మాట్లాడతాడు. తప్పు లేకుండా మాట్లాడుతున్నానన్న గర్వం కూడా ఆ మాటల్లోనే వినిపిస్తుంది.

డిటెక్టివ్ వరహాలరావు తట్టువు గుర్రం దిగి నడుం పట్టుకుని నిలబడ్డాడు. శృంగవరపుకోట దగ్గర మొదలైన ఎక్కుడు, అనంతగిరి పైన ఈ కాఫీ తోటల్లోకి వచ్చేసరికి ఆయన ఎముకల్ని పేరుపేరునా పలకరించింది. నడుం నొప్పిగా ఉన్నప్పుడు ఆయనకి లోకంలో ఎవరూ నచ్చరు. పోలీసులు అసలే నచ్చరు.

"కొట్టారా?" అన్నాడు.

"నేను కొట్టను."

అది నిజమే. మొదలియార్ లంచం తినడు, చెయ్యి చేసుకోడు. అదే వరహాలరావుకి దిగులు. లంచగొండి చేసిన తప్పు సులువుగా దిద్దవచ్చు. నిజాయితీపరుడు చేసిన తప్పుకి మందు లేదు.

పవర్‌హౌసు వసారాలో స్తంభానికి ఆనుకుని, చేతులకి బేడీలతో గాసి కూర్చున్నాడు. పాతికేళ్ళ కొండమనిషి. ఈ యంత్రం దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇవాళ బండెక్కితే విశాఖపట్నం జైలు, ఆపైన ఉరికొయ్య. వాడికి ఆ సంగతి తెలుసో తెలియదో గాని, కళ్ళు మాత్రం బంగళా వంటింటివైపే ఉన్నాయి. అక్కడ గుమ్మంలో వాడి భార్య కనక ఏడో నెల కడుపుతో నిలబడి ఉంది.

ఎస్టేటు దొరసాని రత్నాలమ్మ ఎదురొచ్చింది. బొబ్బిలి వైపు నుంచి ఈ కొండకి కోడలిగా వచ్చిన మనిషి. భర్త పోయి మూడేళ్ళయింది. తెల్లచీర, నిప్పు నోటిలోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట. ఆవిడ గొంతు మగవాళ్ళ గొంతుకేమీ తీసిపోదు.

"వచ్చారా బాబూ! ఈ గెడ్డ మా ఆయన పేణం. అది పోతే నేను పోయినట్టే. ఇది కంపెనీవోళ్ళు చేయించిన పనేనని మీరు తేల్చాలి. మా గాసి అమాయకుడు," అంది.

"ఏం తేలుతుందో ముందే చెబితే నేనెందుకమ్మా?" అన్నాడు వరహాలరావు. ఆవిడ నవ్వలేదు.

జరిగింది ఇదీ. గెడ్డ, అంటే ఆ కొండవాగు, కిందికి దూకేచోట రత్నాలమ్మ భర్త కరెంటు పుట్టించే యంత్రం పెట్టించాడు. మైదానంలో కరెంటు అమ్మే కంపెనీ ఒకటి కొండ మొదలు దాకా స్తంభాలు పాతి తీగె లాగింది. కంపెనీకి కింద తన సొంత యంత్రం ఉంది. పైయంత్రాన్నీ కింది యంత్రాన్నీ ఒకే తీగెకి కలపాలని ఒప్పందం రాసుకున్నారు. నాలుగు రోజుల కిందట ఉదయం మొట్టమొదటిసారి కలపబోయారు. స్విచ్చి వేసిన క్షణంలో నిలువెత్తు మంట లేచి, రెండేళ్ళుగా ఇక్కడ పనులు చేయిస్తున్న కంపెనీ మేస్త్రీ పైడయ్యని ఎత్తి ఇనపమెట్ల మీద పడేసింది. మనిషి అక్కడికక్కడే పోయాడు.

వరహాలరావు గాసి ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"ఆ వేళ నీ పనేమిటి?"

"ఈ వసారాలో నిలబడి ఆ ఎలట్రీ దీపాన్ని సూడ్డం బాబు. దీపం ఆరితే ఈ రేకు గొట్టంలో అరవాలి. నోపల పైడియ్య మేస్త్రి ఇని, స్విచ్చి ఏత్తాడు."

"నువ్వేమని అరిచావు?"

"ఏటీ అన్నేదు. దీపం ఎలుగుతానే ఉంది. ఎలుగుతుంటే ఏటని అరుత్తాను?"

"మరి ఒప్పుకున్నావట?"

"నానేటి ఒప్పుకున్నాను బాబు?"

మొదలియార్ ముందుకొచ్చాడు. "ఇదీ వీడి వరస. పూటకో మాట! మా కానిస్టేబులు నా ఎదుటనే అడిగాడు. 'దీపం కొండెక్కిందని చెప్పింది నువ్వేనా?' అని. వీడు ఏమన్నాడో తెలుసా? 'నానే బాబు, అందరికీ నానే సెప్పినాను' అన్నాడు. నవ్వుతూ అన్నాడు! దీపం వెలుగుతుండగా ఆరిందని అబద్ధం చెప్పి మనిషిని చంపి, నవ్వుతాడా?"

వరహాలరావు చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపాడు.

"గాసీ, దీపం కొండెక్కడమంటే ఏమిట్రా?"

ఇంత చదువుకున్న బాబు ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు గాసి. "అదేటి బాబు! కింద మీ ఊళ్ళో ఉండే ఎలట్రీ దీపం మా కొండెక్కింది కదా. మొదుల ఎలిగిన్నాడు అరుకు సంతకెళ్ళి నానే అందరికీ సెప్పినాను, దీపం కొండెక్కిందర్రా, సూడ్డానికి రండర్రా అని. ఎంతమంది వచ్చినారో!"

వరహాలరావుకి మొదట నవ్వొచ్చింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. ఒక నిండుప్రాణం ఈ ఒక్క మాట మీద ఉరికంబం దాకా నడిచింది.

"విన్నారా మొదలియార్ గారూ? మైదానంలో మా ఇళ్ళల్లో దీపం 'ఆరింది' అనరు. అశుభం. కొండెక్కింది అంటారు. వీడు కొండమీదే పుట్టాడు. వీడికి కొండెక్కడమంటే ఇంటికి రావడం. మీవాడు అడిగింది ఒకటి, వీడు జవాబిచ్చింది ఇంకొకటి."

"ఆ నుడికారం నాకూ తెలుసు. కానిస్టేబులు వివరించాడు. వీడికీ తెలుసు. రెండేళ్ళు మైదానం మేస్త్రీల కింద పనిచేశాడు. తెలియనట్టు నటిస్తున్నాడు."

వరహాలరావు అగ్గిపుల్ల గీశాడు. గాలికి టప్పున పోయింది. "ఏమైంది గాసీ?"

"ఆరిపోనాది."

"అగ్గిపుల్ల దీపం కాదు," అన్నాడు మొదలియార్ చల్లగా. "మీ అమ్మగారు కూడా అగ్గిపుల్ల కొండెక్కిందని అని ఉండరు."

దెబ్బ సరిగ్గానే తగిలింది. వరహాలరావు అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు.

"సరే. ఆ మాట విన్నవాళ్ళెవరు?"

"నేనండీ," అంటూ కంపెనీ ఏజెంటు రామదాసు పంతులు వసారా చివర నుంచి కదిలాడు. కోటు, తలపాగా, కొండజ్వరం భయంతో చెవులదాకా చుట్టుకున్న మఫ్లరు. యంత్రాలు కలపడానికి ముందు రాత్రే వచ్చి బంగళాలో దిగాడు. ఇంతసేపూ మాట్లాడకుండా, తన మాట అవసరపడే ఘడియ కోసం కాచుకుని ఉన్నాడని వరహాలరావుకి అనిపించింది. అలా కాచుకునేవాళ్ళంటే ఆయనకి అనుమానం.

"ముందు ఆ దీపం సంగతేమిటో చెప్పండి పంతులుగారూ. నాకు కరెంటు శాస్త్రం రాదు."

"చాలా సులువండీ. రెండు ఎద్దుల్ని ఒక కాడికి కడితే అడుగు కలవాలా వద్దా? ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ లాగితే కాడి విరుగుతుంది. ఈ రెండు యంత్రాలూ అంతే. అడుగు కలవనప్పుడు ఈ దీపం వెలుగుతుంది. కలిసినప్పుడు పూర్తిగా ఆరిపోతుంది. ఆరినప్పుడే స్విచ్చి వెయ్యాలి. వెలుగుతుండగా వేస్తే, జరిగింది తమరికి తెలుసు."

"దీపం బయటా, స్విచ్చి లోపలా ఏమిటి? వేసేవాడే చూసుకుని వేస్తే పోయేది కదా?"

పంతులు ముఖం వెలిగింది. మనిషికి ఆ ఒప్పందమంటే తన ఇంటి కావ్యం. "అది మేం పట్టుబట్టి పెట్టిన షరతండీ. కలపడం ఎంత నాజూకు పనో చూడండి. తప్పు జరిగితే ఎవరి మీద? మీరంటే మీరని కోర్టుల చుట్టూ తిరగాలి. అందుకని పని రెండుగా చీల్చాం. దీపం ఉభయపక్షాలకీ కనిపించేలా బయట ఉండాలి. దాన్ని చూసి చెప్పేవాడు ఎస్టేటు మనిషి. స్విచ్చి వేసేవాడు కంపెనీ మనిషి. కలిపే చెయ్యి మాది, చెప్పే నోరు వారిది."

"తప్పు జరిగితే?"

"పన్నెండో షరతు. తప్పు నోటిదైతే, గెడ్డా యంత్రమూ ముప్పయ్యేళ్ళు కంపెనీకి కౌలు. తప్పు చేతిదైతే ఒప్పందం రద్దు. మేం వేసిన తీగె, స్తంభాలు, పరికరాలు అన్నీ ఎస్టేటుకి వదిలేసి మేం కొండ దిగిపోవాలి."

"అంటే గాసి తప్పయితే గెడ్డ మీది."

"షరతు అలాగే ఉంది మరి," అన్నాడు పంతులు, మఫ్లరు సర్దుకుంటూ.

"మాట విన్నారన్నారు. గాసి నోరు కదలడం చూశారా?"

పంతులు తడబడ్డాడు. "నేను... దీపంకేసి చూస్తున్నానండీ. కంపెనీ తరఫున చూడవలసినవాణ్ణి నేనే కదా. దీపం దివ్యంగా వెలుగుతోంది. నా వెనకనుంచి 'దీపం కొండెక్కింది' అని వినిపించింది. ఇదేమిటి, వెలుగుతుంటే అలా అంటాడేమిటి అని వెనక్కి తిరిగేసరికి లోపల ఢామ్మంది. నేను లోపలికి పరిగెత్తాను."

"గొంతు గాసిదేనా?"

"గొట్టం దగ్గర ఉన్నవాడు వాడేగా? రేకు గొట్టంలో ఎవరి గొంతయినా ఒకేలా బొంగురుగా ఉంటుంది."

పంతులు చెప్పింది అంతా నిజంలాగే ఉంది. నిజంలాగే ఉన్న మాటలు వరహాలరావుకి అజీర్ణం చేస్తాయి. గెడ్డ చేజిక్కించుకోవడానికి కంపెనీ తన మేస్త్రీనే బలిపెట్టిందా? పంతులు వసారాలోనే ఉన్నాడు. మరి అతని మనిషి ఇంకెవరైనా ఉన్నాడా?

ఆయన లోపలికి నడిచాడు. యంత్రం ఆగి ఉంది. స్విచ్చి ఉన్న పలకరాయి నల్లగా మాడిపోయింది. దాని పక్కనే మనిషి చెవి ఎత్తున రేకు గొట్టం మూతి. దాని చుట్టూ గోడమీద మసి. వసారాలో ఉన్న మూతి చుట్టూ కూడా అలాంటి మసే చూశాడు. మంట లేచినప్పుడు గొట్టంలోంచి మసి తన్నుకు వెళ్ళిందన్నమాట.

స్విచ్చికి కాస్త కింద చిన్న గూట్లో నూనెదీపం వెలుగుతోంది. రత్నాలమ్మ రోజూ ఉదయాన్నే యంత్రానికి పెట్టే దీపమట. మనిషి పోయిన మర్నాడు కూడా మానలేదట.

వరహాలరావు గొట్టం వెంట కళ్ళు పోనిచ్చాడు. పైన వాసం దగ్గర అది రెండుగా చీలింది. ఒక పాయ వసారాలోకి. రెండోది ఎడమగోడలోకి దూరింది.

"ఆ గోడ అవతల ఏముందమ్మా?"

"కాఫీ గోదాం. ఆయన బతికుండగా అక్కడ కూకుని గొట్టంలో మేస్త్రీలని కేకలేసేవోరు. ఆయన పోయాక బిరడా బిగించేసినాం. తెరిచిందే నేదు," అంది రత్నాలమ్మ. మాట తొందరలో ఆవిడ మైదానం యాస మరింత చిక్కబడింది.

"తాళం?"

"బంగళా హాల్లో మేకుకి ఉండేది. ఎవరైనా తీసుకోవచ్చు. ఈ గొడవయిన కాడ్నించి నా కొంగునే ముడేసుకున్నాను," అంటూ ముడి విప్పి ఇచ్చింది. బంగళాలో దిగినవాడు పంతులు. వరహాలరావు ఆ మాట మనసులో పెట్టుకున్నాడు.

గోదాం తలుపు వసారాకి సరిగ్గా ఎదురుగా ఉంది. ఆయన కానిస్టేబులుని వెంటబెట్టుకుని లోపలికెళ్ళాడు. కాఫీ గింజల బస్తాలు, గెడ్డవైపు కిటికీ, గోడలో గొట్టం మూతి. దానికి కర్ర బిరడా. వరహాలరావు దగ్గరికెళ్ళి వంగి చూశాడు. బిరడా శుభ్రంగా ఉంది. దాని చుట్టూ సున్నపుగోడ మీద మసి, స్విచ్చి దగ్గర ఉన్నట్టే, గుండ్రంగా అంటుకుని ఉంది.

బిరడా మూసి ఉంటే మసి గోడమీదికి రాదు. మంట లేచిన క్షణంలో ఈ మూతి తెరిచి ఉంది. తర్వాత ఎవరో మూశారు.

"నేను యంత్రం గదిలోంచి కేకేస్తాను. అప్పుడు ఈ బిరడా పీకు. కిటికీ తెరిచే ఉంచు," అని కానిస్టేబులుకి చెప్పి బయటికొచ్చాడు.

"మొదలియార్ గారూ, గాసిని లోపలికి తీసుకురండి."

"ఎందుకు?"

"మీకు అగ్గిపుల్ల చాల్లేదు కదా."

మొదలియార్ విసుక్కుంటూనే తెచ్చాడు. రత్నాలమ్మ గుమ్మంలో నిలబడింది, పంతులు ఆవిడ వెనకనుంచి మెడ చాచాడు. వరహాలరావు గొట్టంలో నోరు పెట్టి "పీకు!" అని అరిచాడు. గోదాం కిటికీలోంచి గెడ్డగాలి గొట్టంలోకి చొరబడి బుస్సుమని ఇవతలికి కొట్టింది. గూట్లో నూనెదీపం ఒక్కసారి వణికి ఆరిపోయింది.

"అమ్మా, దీపం సచ్చిపోనాది!" అన్నాడు గాసి.

"ఛీ, నోరు ముయ్యరా! ఎలుతురు ఇచ్చే తల్లిని పట్టుకుని అదేం పాడుమాట? కొండెక్కిందనాలి, కొండెక్కిందనాలి!" రత్నాలమ్మ చెంపలు వేసుకుంది.

"అదేటమ్మా? సచ్చిపోతే కొండెక్కింది అంటారా?" అన్నాడు గాసి, తెల్లబోయి. "ఈ రెండేళ్ళూ దీపం పోయినప్పుడల్లా ఆరింది ఆరింది అనే సెప్పినాను గదా. పైడియ్య మేస్త్రి తిట్టీవోడు, కొట్టీవోడు. ఎందుకు కొడతన్నాడో తెలిసీది కాదు."

మొదలియార్ గాసి ముఖంలోకి చూశాడు, చాలాసేపు చూశాడు. ఆయన నిజాయితీపరుడని చెప్పాను కదా. నటనకీ అయోమయానికీ తేడా ఆయనకి తెలుసు.

"ఇప్పుడు నా మాట వినండి," అన్నాడు వరహాలరావు. "ఆ వేళ గొట్టంలో వినిపించిన మాట 'ఆరింది' కాదు, 'కొండెక్కింది.' పంతులుగారు విన్నారు. అది కొండమనిషి నోట రాని మాట. మైదానంలో పుట్టి, దీపానికి దణ్ణం పెట్టే ఇంట్లో పెరిగినవాళ్ళు అప్రయత్నంగా అనే మాట. పైడయ్య కూడా మైదానం వాడే కాబట్టి, వినగానే అనుమానం లేకుండా స్విచ్చి వేశాడు. ఆ మాట వసారాలోంచి రాలేదు. ఈ గొట్టానికి గోదాంలో రెండో మూతి ఉంది. మంట లేచినప్పుడు ఆ మూతి తెరిచి ఉంది, మసి సాక్ష్యం. అక్కడ అన్న మాట పైడయ్యకి చేరింది. చీలిక దగ్గర కొంత వసారాలోకీ పొక్కింది. అదీ మీరు విన్నది పంతులుగారూ."

అందరూ మళ్ళీ వసారాలోకి వచ్చారు. మొదలియార్ గోదాంలోకి వెళ్ళి మసి చూసి వచ్చాడు. ముఖం గంటుపెట్టుకుని, కానిస్టేబులుకి సైగ చేశాడు. బేడీలు ఊడాయి. గాసి మణికట్టు రుద్దుకుంటూ వంటింటివైపు చూసి నవ్వాడు. కనక గుమ్మంలో చతికిలబడి ఏడ్చింది.

"మొదటి గెలుపు మీదే," అన్నాడు మొదలియార్. "అయితే గోదాంలో ఉన్నదెవరు? నేను ఖాళీ చేతులతో కొండ దిగను. ఇక్కడ మైదానం మనుషులు ఎందరున్నారు? నా కానిస్టేబులు ఆనాటికి రాలేదు. మిగిలింది ఈయనే," అని పంతులుకేసి తిరిగాడు.

"నేనా! అయ్యా, నేను వసారాలో దీపం ముందు ఉన్నాను! గాసినే అడగండి!" పంతులుకి ముచ్చెమటలు పోశాయి.

"మీ మనిషి కావచ్చు. తాళంచెవి వేలాడిన హాల్లోనే మీరు పడుకున్నారు."

"మా మనిషంటూ ఇక్కడ ఉన్నది పైడయ్యే, అతనే పోయాడు. ఇంకో మనిషి ఎక్కడున్నాడు? ఆలోచించండి. మా మీదే నేరం పడాలని చూసేవాళ్ళయితే ఏం చేస్తారు? చెప్పే నోరు మూసుకునే ఉంది, కలిపే చెయ్యే తొందరపడిందని అనిపిస్తారు. గొట్టంలో మాట నా చెవిన పడకపోయి ఉంటే లోకం అదే అనుకునేది. ఒప్పందం రద్దయ్యేది, తీగె మేం వదిలేసి పోయేవాళ్ళం!"

పంతులు బెదిరి అన్న మాట అది. అయినా వరహాలరావు మెడ వెనక చల్లగా తాకింది. నిజమే. హంతకుడు వసారాలోకి మాట పొక్కుతుందని అనుకోలేదు. పైడయ్య ఒక్కడికే వినపడాలనుకున్నాడు. అప్పుడు తప్పు చేతిదవుతుంది. చేతి తప్పయితే లాభం కంపెనీకి కాదు, ఎస్టేటుకి. పొద్దున్న తట్టువు దిగగానే తనతో ఆ మాటే అన్నదెవరు? ఇది కంపెనీవాళ్ళ పనేనని తేల్చమని పట్టుబట్టి తనని పిలిపించిందెవరు?

ఇక్కడ ఆయన చెయ్యకూడని పని చేశాడు. ఆ ప్రశ్న వేరే చోట, వేరే సమయంలో అడగవలసింది. వేడిమీద అడిగేశాడు.

"గాసీ, గోదాం తలుపు వసారాకి ఎదురుగా ఉంది. నువ్వు అక్కడే నిలబడ్డావు. మంట లేచాక పంతులుగారు లోపలికి పరిగెత్తారు. ఆ తలుపులోంచి ఎవరు బయటికొచ్చారు?"

గాసి నోరు తెరిచాడు. తెరిచినవాడు అలాగే ఆగిపోయాడు. వాడి చూపు వరహాలరావు భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది.

రత్నాలమ్మ వంటింటి గుమ్మం దగ్గరికి ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ గమనించలేదు. ఏడుస్తున్న కనకని లేవదీసి, మణికట్టు పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది. రెండో చేత్తో దాని తల నిమిరింది.

"సెప్పరా గాసీ, బాబు అడుగుతున్నారు కదా," అంది మెత్తగా. "కనక గురించి బెంగెట్టుకోకు. నీళ్ళాడి బిడ్డని కనేదాకా నా ఇంట్లోనే ఉంటాది. నా చేత్తోనే అన్నం పెడతాను. తల్లీ పిల్లా ఎలా ఉంటారన్నది నేనే సూసుకుంటాను."

వినడానికి ఎంత దయగల మాటలు! కనక ముఖం మాత్రం పాలిపోయింది. చెయ్యి లాక్కోబోయింది, రాలేదు.

"నానే అన్నాను," అన్నాడు గాసి.

"ఏమన్నావు?" మొదలియార్ ఒక అడుగు ముందుకేశాడు.

"దీపం కొండెక్కిందని అన్నాను. అంటే ఆరిపోనాదని. దీపం ఎలుగుతుండగానే అన్నాను. పైడియ్య మేస్త్రి నన్ను కొట్టీవోడు, అందుకని సంపేసినాను. గోదాంలో ఎవ్వుల్నీ సూడనేదు." వాడు చేతులు రెండూ చాపాడు. "ఏసేయండి బాబు. బేగి తీసుకెళ్ళిపోండి."

"అబద్ధం!" వరహాలరావు అరిచాడు. "ఆ మాటకి అర్థమే వీడికి ఇందాకటిదాకా తెలియదు!"

"ఇప్పుడు తెలుసు," అన్నాడు మొదలియార్. ఆయన గొంతులో గెలుపు లేదు, చిరాకుంది. "ముందు తెలియదన్నది నటనో, ఇది నటనో, జడ్జీగారు తేలుస్తారు. అర్థం తెలిసి, ఇందరి ఎదుట, తనంతట తాను ఒప్పుకున్నాడు. నేను వదిలితే నా ఉద్యోగం ఉండదు రావుగారూ."

బేడీలు మళ్ళీ పడ్డాయి. వరహాలరావుకి ఆ చప్పుడు గుండెల్లో దిగింది. తను పనిగట్టుకుని నేర్పిన మాటనే మెడకి తాడుగా వేసుకున్నాడు వాడు.

పంతులు ఊపిరి పీల్చుకుని, వెంటనే పని గుర్తు తెచ్చుకున్నాడు. "అయితే అమ్మగారూ, తప్పు నోటిదేనని తేలినట్టే. పన్నెండో షరతు ప్రకారం గెడ్డ..."

"తీసుకోండి," అంది రత్నాలమ్మ.

ఒక్క మాట. వాదన లేదు, కన్నీళ్ళు లేవు. గెడ్డ పోతే తను పోయినట్టేనన్న మనిషి, ఎంగిలి విస్తరి వదిలినట్టు వదిలేసింది. గెడ్డకంటె పెద్దది ఆవిడ దగ్గర ఇప్పుడు ఏదో కాపాడుకోవలసి ఉంది. వరహాలరావుకి ఇక సాక్ష్యం అక్కర్లేదు. కోర్టుకి కావాలి, అదొక్కటే ఆయన దగ్గర లేదు. చూసినవాడు ఒక్కడే, వాడు బండెక్కుతున్నాడు.

బండి కదిలింది. గాసి వెనక్కి తిరిగి చూడలేదు. పంతులు కూడా మంచుకి భయపడి బండి వెనకే తన డోలీ ఎక్కాడు. మొదలియార్ మాత్రం గుర్రం మీదనుంచి ఒక్కసారి వంగి, "మీకు వేరే ఎవరిమీదైనా అనుమానం ఉంటే నిరూపించండి. పదిరోజుల్లో కేసు పైకి వెళుతుంది. ఆలోపల వస్తే వింటాను," అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయాడు.

వసారాలో ముగ్గురే మిగిలారు. గెడ్డ హోరు తప్ప చప్పుడు లేదు.

"పాపం, మీ శ్రమంతా వృథా అయిపోయింది బాబూ," అంది రత్నాలమ్మ. చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. "మీ తట్టువుకి కాలు మడతపడిందని పాలేరు చెప్పాడు. నడవనేదట. ఈ రాత్రికి కొండ దిగలేరు. మా బంగళాలోనే పడుకుందురు గాని. కనక వండుతాది."

పొద్దున్న ఎక్కుడంతా ఆ తట్టువు ఒక్కసారి కూడా తడబడకుండా మోసుకొచ్చింది. ఇప్పుడు కాలు ఎవరు మడతపెట్టారో వరహాలరావు అడగలేదు. నడుచుకుంటూ పోయినా తెల్లవారేలోగా బండిని అందుకోవచ్చు. తన ప్రాణానికి అదే మంచిది.

ఆయన కనకకేసి చూశాడు. దాని మణికట్టు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. కనక తల అడ్డంగా, ఎంతో కొంచెంగా ఊపింది. వెళ్ళిపొమ్మంటోందో, వెళ్ళొద్దంటోందో ఆయనకి తెలియలేదు.

"ఉంటానమ్మా," అన్నాడు వరహాలరావు, చెప్పులు విడిచి వసారాలో కూర్చుంటూ.